ఆరో తీగ

అద్లియా,
12 జూన్ 2023

తమ్ముడు లోవరాజుకి,

దీవెనలు తరవాత. ముందు తిట్టాల్సినవి ఉన్నాయి.

నువ్వింకా హిద్ లేబర్ క్యాంపులో చెక్కలు కొట్టుకుంటున్నావనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేను పనిచేసే ఇంటి డ్రైవర్ గంగన్నది నిజామాబాద్ వైపు. మొన్న మా బాబా గిటార్ని మనామాలో బాగుచేయించుకొచ్చి, "అక్కా, ఆడ పనిచేసేటాయన మీ దిక్కోడే. తుని అంట, పేరు లోవరాజు అంట. గిటార్‌ను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టిండు" అన్నాడు. తుని వైపు లోవరాజులు వీధికి నలుగురు ఉంటారు గానీ, పనిలో ఉన్నంతసేపూ నాలుక బయటపెట్టుకునేవాడు ఒక్కడే. ఆ మాటా అడిగాను. "అవ్, నాలుక బయటనే ఉన్నది" అన్నాడు.

అంటే నేనున్న ఇంటికి నడిచొచ్చేంత దూరంలో ఉన్నావన్నమాట. నడిచొస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రెండేళ్ళ కిందట నువ్వు గేటు దగ్గర నిలబడి వెళ్ళాక, ఆ మగమనిషి ఎవరని నన్ను నెల రోజులు ప్రశ్నలేశారు. తమ్ముడంటే నమ్మలేదు. నా ఫోను మేడం దగ్గరే ఉంటుంది. శుక్రవారం అరగంట ఇస్తుంది, తనూ పక్కనే కూర్చుంటుంది. ఆ అరగంట ఊళ్ళో ఉన్న నా కూతురు సత్యశ్రీది. దాన్లో నీకు వాటా పెడితే పిల్లకేం మిగులుతుంది?

అందుకే ఈ ఉత్తరం. గిటార్ పెట్టెలో మెడ ఆనేచోట చిన్న అర ఉంది చూడు, తీగల పాకెట్లు పెట్టుకునేది. అందులో పెడుతున్నాను. గిటార్‌కి ఏ రోగమూ లేదు. ఒక తీగ గరగరమంటోందని నేనే మేడంకి చెప్పాను.

నేను బాగానే ఉన్నాను. బాబా అంటే మేడం వాళ్ళ నాన్న. వయసులో ఉండగా హోటళ్ళలో బ్యాండుతో వాయించేవారట. ఇప్పటికీ సాయంత్రం పూట వాయిస్తారు, నేను టీ ఇచ్చి వింటూ కూర్చుంటాను. మంచి మనిషి.

ఆరు నెలల్లో నన్ను నీ దగ్గరికి మార్పిస్తానన్నావు. నాలుగున్నరేళ్ళయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు. నాకు అడిగి అడిగి విసుగొచ్చి మానేశాను. సత్యశ్రీ మాత్రం మానలేదు. "మావయ్య నిన్ను తీసుకొస్తానన్నాడుగా, ఎప్పుడు?" అంటూనే ఉంటుంది. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు.

జవాబు అదే అరలో పెట్టు. ఇప్పుడు దీవెన: వేళకి అన్నం తిను.

అక్క
వీరవేణి

*

మనామా,
19 జూన్ 2023

అక్కా,

నీ ఉత్తరం బల్ల కింద దూరి చదివాను. షాపు చూసుకునే మా ముదీర్ స్క్రూ ఏదో పడిపోయి వెతుకుతున్నాననుకుని తనూ వంగి వెతికాడు పాపం.

నేను ఈ దుకాణంలో చేరి ఏడాదిన్నర. నన్ను ఈ దేశం తెచ్చుకున్న మా కఫీల్‌కి క్యాంపు పనులతోపాటు ఈ సంగీతం షాపు కూడా ఉంది. ఒకసారి షాపు తలుపు ఉబ్బి బిగుసుకుపోతే చిత్రిక పట్టడానికి నన్ను పంపారు. ఇక్కడ గిటార్లు బాగుచేసే గోవా మాస్టారు నా చెయ్యి చూసి, ఈ మనిషిని నాకివ్వండి అన్నాడు. తంతే గారెల బుట్టలో పడ్డాను. మాస్టారు ఊరెళ్ళిపోయాక ఆ బల్ల నాకే మిగిలింది. పడక మాత్రం ఇంకా హిద్‌లోనే, ఎనిమిదిమంది గదిలో.

నీ తిట్లన్నీ న్యాయమే. ఆరోజు తుని స్టేషన్లో నాలుగేళ్ళ పిల్లని ఎత్తుకుని, "మీ అమ్మని నేనే తీసుకొచ్చి నీ చేతిలో పెడతాను" అన్నది నేనే. ఆ మాట తీర్చకుండా ఊరు మొహం చూడలేక నేనూ వెళ్ళలేదు. నరసాయమ్మ పిన్నికి ఫోన్ చేస్తే, "తల్లినీ పిల్లనీ వేరు చేసినోడివి, నీతో నాకు మాటలేంట్రా" అని పెట్టేసింది. అప్పట్నించీ నా ఫోను ఎత్తదు. పిల్లని కళ్ళల్లో పెట్టుకుని పెంచుతోంది కదా, ఆమెనేమీ అనలేను.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఈ గిటార్ని ఎవరూ వాయించట్లేదు. చేతులు పడే గిటార్ నాకు తెలుస్తుంది. వేలి చెమటకి తీగలు నల్లబడతాయి. ఆ మెట్లు ఉన్నాయే, వీణకున్నట్టు అడ్డంగా ఇత్తడి కడ్డీలు, వాటి మీద తీగ రాసుకున్న చోట కొత్త గీతలు మెరుస్తాయి. ఈ తీగలకి ఆరు నెలలు దాటి ఉంటుంది, ఒక్క వేలిముద్ర లేదు. దుమ్ము కూడా లేదు. రోజూ ఎవరో తుడుస్తున్నారు, అది నువ్వే. మరి బాబా రోజూ వాయిస్తారని ఎందుకు రాశావు? ఆ ఇంట్లో ఏం జరుగుతోంది? నిజం చెప్పు.

ఇంకోటి. ఏసీ గాలి తిన్నగా గిటార్‌కి తగులుతున్నట్టుంది. చెక్క ఎండి కుదించుకుపోయి మెట్ల చివర్లు పక్కకి పొడుచుకొచ్చాయి, నున్నగా రాశాను. చోటు మార్చు. పెట్టెలో ఒక సబ్బు డబ్బా పెట్టాను, దానికి చిల్లులు పొడిచి లోపల స్పాంజి ఉంచాను. వారానికోసారి తడిపి పిండి పెట్టు. ఇక్కడ బయట గాలిలో నీళ్ళు కారుతుంటాయి, లోపల ఏసీ ఎండబెడుతుంటుంది. మనుషులం ఓర్చుకుంటాం గానీ చెక్క ఊరుకోదు.

తమ్ముడు
లోవరాజు

*

అద్లియా,
3 అక్టోబర్ 2023

ఒరే లోవరాజూ,

గిటార్ని చూసి ఇంటి గుట్టు చెప్పేస్తున్నావు, సోదె చెప్పుకుని బతకొచ్చు నువ్వు.

బాబాకి పక్షవాతం వచ్చింది. కిందటేడు నవంబర్‌లో. నా రెండేళ్ళ ఒప్పందం కాగితం అయిపోయి, సంచి సర్దుకుని, వస్తున్నానని సత్యశ్రీకి ఫోన్లో చెప్పేసిన వారానికి. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. ఆ మనిషిని ఆ స్థితిలో వదిలి ఎలా వెళ్తాను? మేడం కూడా ఏడ్చింది. మళ్ళీ రెండేళ్ళకి సంతకం పెట్టాను. పిల్ల రెండు శుక్రవారాలు నాతో మాట్లాడలేదు. ఇవన్నీ నీకు రాస్తే పనిలో ఉండగా చదివి నాలుక కరుచుకుంటావని ఆయన వాయిస్తున్నట్టు రాశాను. ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని బెంబేలు పడకు. నన్నెవరూ కొట్టట్లేదు. అలిసిపోతున్నాను, అంతే. లేపాలి, కూర్చోబెట్టాలి, తిప్పి పడుకోబెట్టాలి. ఆయన పొడుగ్గా ఉంటారు. రాత్రికి నా నడుము నాది కాదు.

సాయంత్రం మాత్రం గిటార్ ఆయన ఒళ్ళో పెట్టమంటారు. పెడతాను. ఎడం చెయ్యి కూడా నేనే ఎత్తి దాని మెడ మీద వేస్తాను, అలా కూర్చుంటారు, అరగంట. ఆ చేతి వేళ్ళు కూడా కదపరు. కుడి చెయ్యి పడిపోయాక దీన్ని కూడా పనికి పంపడం మానేశారు. నేను దిండు సర్దుతూ ఉంటాను.

మొన్న మేడం అడిగింది, "నాన్నా, వాయించని గిటార్‌కి మూడు నెలలకోసారి ఈ సెటప్పులు ఎందుకు?" అని. ఆయన తల అడ్డంగా ఊపి, పంపమని కళ్ళతోనే చూపించారు. నాకూ అదే అనుమానం. వాయించనిదానికి ఎందుకురా ఇదంతా? తీగలన్నీ వదులు చేసి ఓ మూల పడుకోబెడితే అదీ హాయిగా ఉంటుంది కదా? నన్నెవరైనా అలా పడుకోబెడితే ఎంత బావుణ్ణు.

స్పాంజి తడుపుతున్నాను. అయినా ఎందుకో మళ్ళీ పాడయింది.

అక్క
వీరవేణి

*

మనామా,
11 అక్టోబర్ 2023

అక్కా,

నువ్వు రాలేదని ఊరివాళ్ళు ఫోన్లో అన్నప్పుడు, అక్కకి ఇక్కడ అలవాటైపోయింది కాబోలు అనుకున్నాను. తప్పు నాది.

నువ్వడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను. గోవా మాస్టారు నాకు మొదటిరోజు చెప్పింది ఇదే. వాయించినా వాయించకపోయినా తీగలు లాగుతూనే ఉంటాయి. ఆరు తీగలూ కలిసి ఒక పెద్ద మనిషి బరువంత లాగుతాయి, పగలూ రాత్రీ. ఆ లాగుడుకి మెడ ముందుకి వంగిపోకుండా దాని లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది, అది వెనక్కి పడుతుంది. పైకి కనపడదు. నువ్వన్నట్టు తీగలన్నీ ఒక్కసారి వదిలేస్తే, ఆ కడ్డీ ఒక్కటే పనిచేసి మెడ వెనక్కి వంగిపోతుంది. పడుకోబెట్టామని మనం అనుకుంటాం, అది లోపల విరుచుకుంటూ ఉంటుంది.

విరిగినదాన్ని అతికిస్తే మరమ్మతు. సెటప్ అంటే విరగనిదాని పని. ఎవరెంత లాగుతున్నారో చూడటం, కడ్డీని ఓ పావు తిప్పు తిప్పటం, తీగకీ మెట్టుకీ మధ్య ఎంత ఎడం ఉందో కాగితం దూర్చి చూడటం, శృతి చేసి మళ్ళీ చూడటం. నాన్న ఏటా వేసవి ముందు నవారు మంచాలన్నీ వాకిట్లో వేసి బిగించేవాడు గుర్తుందా? ఎవరూ పడుకోని మంచం కూడా బిగించేవాడు. ఎందుకు నాన్నా అంటే, చుట్టం చెప్పి వస్తాడా అనేవాడు. ఇదీ అలాంటిదే. ఒకసారి చేస్తే అయిపోదు. నాకూ ఒక్కోసారి విసుగే.

అందుకే ఈసారి వారం రోజులు నా దగ్గరే ఉంచుకుని మనసుపెట్టి చేశాను. కింద తీగలు ఆనే ఎముక బద్ద కొత్తది కోసి పెట్టాను. మెట్లన్నీ ఒక ఎత్తుకి రాశాను. బాబా వేళ్ళు కూడా కదపరన్నావు కదా, తీగల ఎత్తు బాగా తగ్గించాను, ఈగ వాలినా మోగుతుంది. నా చేతి పని మీద ఒట్టేసి చెబుతున్నా, ఇంక ఏడాది దాకా ఇది ఇటు రానక్కర్లేదు.

తమ్ముడు
లోవరాజు

*

అద్లియా,
9 జూన్ 2024

లోవరాజుకి,

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు ఆ గిటార్ రాయిలా ఉంది. ఒక్క తీగ గరగరమనదు, ఒక్క మెట్టు గుచ్చుకోదు. నిన్నెవడురా అంత బాగా చెయ్యమన్నాడు?

నీకు బుర్ర తక్కువని చిన్నప్పట్నించీ తెలుసు, మరీ ఇంత తక్కువని తెలీదు. దానికి ఏదో ఒకటయితేనే కదా అది నీ దగ్గరికి వస్తుంది. అది వస్తేనే కదా నా ఉత్తరం వస్తుంది. నీ స్పాంజిని నేను ఒక్కసారి కూడా తడపలేదు. చోటు మార్చమన్నావని చోటు మార్చాను, ఏసీ కిందకి. అలా తిప్పలుపడి పాడుచేసి పంపిస్తే నువ్వు వారం రోజులు కూర్చుని ఏడాదికి సరిపడా బాగుచేసి పంపావు. "ఇటు రానక్కర్లేదు" అని రాసినప్పుడు నాకెలా అనిపించిందో తెలుసా? వీడికి నా ఉత్తరాలు బరువైపోయాయి, ఇంక వద్దంటున్నాడు అనుకున్నాను. సంక్రాంతి, ఉగాది అన్నీ అలాగే అనుకుంటూ గడిపేశాను.

మొన్నటికి తొమ్మిదిసార్లు తీగలు బిగించే కీలు తిప్పి పాడుచెయ్యబోయాను. సాయంత్రం ఆయన ఒళ్ళో పెట్టాల్సొచ్చేసరికి చెయ్యి రాలేదు. చివరికి ఇవాళ తుడుస్తూ కావాలని ఒక తీగ తెంపాను. అదీ సంగతి.

అసలు మాట. నా కాగితం నవంబర్ పద్నాలుగుకి అయిపోతుంది. సెప్టెంబర్ ఆఖరుకల్లా ఉంటానో వెళ్తానో చెప్పమంటోంది మేడం. బాబా ఇప్పుడు కాస్త కుదురుగా ఉన్నారు, వేరే మనిషిని పెట్టుకుంటారట. నా నడుము ఇంక ఒప్పుకోదు తమ్ముడూ. చేతుల్లో పట్టు తగ్గింది, మొన్న చెంచా జారిపోయింది. సత్యశ్రీ ఫోన్లో నాతో బొమ్మతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది, అన్నిటికీ ఊఁ అంటుంది. ఇంకో రెండేళ్ళయితే ఆ ఊఁ కూడా ఉండదు. నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను. కానీ ఒక్కదాన్నే ఆ రైలు దిగాలంటే ధైర్యం చాలట్లేదు. పిల్ల చేతిలో పెడతానన్నది నువ్వు. నువ్వొస్తావా?

అక్క
వీరవేణి

*

మనామా,
16 జూన్ 2024

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నా చేతి పని మీద నేనింత గర్వపడింది ఎప్పుడూ లేదు, ఇంత సిగ్గుపడిందీ లేదు.

వస్తాను. నా కాగితం డిసెంబర్‌లో అయిపోతుంది, మా కఫీల్ కూడా సెప్టెంబర్ ఆఖరుకే చెప్పమంటాడు. నెల ముందు వదిలిపెట్టమని బతిమాలతాను, మంచివాడే.

కానీ ఒక చిక్కు వచ్చింది. గిటార్ దించుతూ గంగన్న నీళ్ళు నమిలాడు. కారెక్కించే ముందు మేడం పెట్టె తెరిచి చూసిందట. నీ ఉత్తరం పట్టుకుని ఇదేంటని అడిగిందట. "రిపేరు చిట్టీ అని చెప్పిన భాయ్, నమ్మింది. మల్ల అడిగితే నాతోని కాదు. నా నౌకరి పోతది, ఇంటికాడ ఇద్దరు బిడ్డలున్నరు. ఇగ చిట్టీలు బంద్. నోటి మాట గూడ నన్ను మొయ్యమనకు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఈ ఒక్కటీ చొక్కాలో పెట్టుకొచ్చి నీ చేతికిస్తానని ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరి ఉత్తరం.

కాబట్టి జాగ్రత్తగా చదువు. సెప్టెంబర్‌లో గిటార్ పంపించు, వానాకాలం సెటప్ అని చెప్పు, ఇక్కడ వానాకాలం లేదని మేడంకి గుర్తు రాకముందే. నువ్వు వెళ్ళటం ఖాయమైతే ఆరో తీగ వదులు చేసి పంపు. అన్నిటికంటే లావుది, ఒళ్ళో పెట్టుకుంటే పైన ఉండేది. దాని కీ రెండు చుట్లు వెనక్కి తిప్పు చాలు. అయిదు తీగలు శృతిలో ఉండి ఆరోది వేలాడుతుంటే అది నీ మాట. ఆ సాయంత్రమే కఫీల్‌కి చెప్పేస్తాను. నువ్వు మనసు మార్చుకుంటే, బాబాని వదల్లేననుకుంటే, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపు. నేనేమీ అనుకోను, ఇంకో రెండేళ్ళు నేనూ ఉండిపోతాను. నువ్వు లేకుండా నేను వెళ్ళేది లేదు.

నవంబర్ పద్నాలుగు సాయంత్రం హైదరాబాద్ విమానానికి ఎయిర్‌పోర్టులో ఉంటాను. లోపల, తలుపు దాటగానే. శుక్రవారం ఫోన్లో సత్యశ్రీకి మాత్రం నా మాట ఎత్తకు. మళ్ళీ ఆశపెట్టి తప్పామంటే ఆ పిల్ల మన ఇద్దరినీ నమ్మదు.

తమ్ముడు
లోవరాజు

*

తుని దగ్గర, మన ఊరు,
20 డిసెంబర్ 2024

లోవరాజుకి,

ఇప్పుడు నా చేతిలో ఫోనుంది. అయినా రాస్తున్నాను. ఫోన్లో నీ గొంతు వింటే తిట్టలేను. మీ దుకాణం అడ్రసు పాత బిల్లు మీద దొరికింది.

పద్నాలుగో తారీఖు సాయంత్రం తలుపు దాటగానే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నా కాళ్ళనడుగు. సంచి మోసుకొచ్చే ప్రతి మగవాణ్ణీ చూశాను. అందరూ నీలాగే ఉన్నారు, అందరూ అలిసిపోయి ఉన్నారు. ఒకతను నాలుక బయటపెట్టుకుని బెల్టు విప్పుతుంటే రెండడుగులు వేశాను కూడా. చివరికి యూనిఫాం వేసుకున్న అమ్మాయి వచ్చి, "యల్లా, లేటవుతోంది" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

పిల్లకి చెప్పొద్దన్నావు. నేనే ఆగలేకపోయాను. ఆ ఆఖరి శుక్రవారం చెప్పేశాను, మావయ్య కూడా వస్తున్నాడని. రైలు దిగితే సత్యశ్రీ నన్ను కాదు, నా వెనక చూసింది. రైలు కదిలిపోయేదాకా చూసి, "మావయ్యేడి?" అంది. నేనింత నిలువునా ఎదుటపడ్డాక అది అడిగిన మొదటి మాట అది. పిన్ని, నీ ఫోను ఎత్తని పిన్ని, బొమ్మిడాయల పులుసు పెట్టి కూర్చుంది నీకిష్టమని. ఎవరూ సరిగ్గా తినలేదు.

పిల్ల నాకింకా దగ్గరకి రాలేదు. పిన్ని పక్కనే పడుకుంటుంది. అమ్మా అని పిలవాల్సినచోట "ఇదిగో" అంటోంది. జడ వేస్తానంటే నిన్న మొదటిసారి తల ఇచ్చింది, అయిదు నిమిషాలు. ఇంట్లో పనేమీ లేదు, అయినా లేచేసరికి ఒళ్ళంతా నొప్పులు. ఆరేళ్ళ అలసట ఇప్పుడు వరసగా బయటికొస్తోంది.

ఒకసారి ఆరునెలలన్నావు, నమ్మాను. రెండోసారి తీగ మీద మాట పెట్టావు, అదీ నమ్మాను. సెప్టెంబర్‌ ఇరవై రెండున, పొద్దున పాలు పొంగేలోపు పరిగెత్తుకెళ్ళి ఆరో తీగ కీ రెండు చుట్లు వెనక్కి తిప్పాను. లెక్కపెట్టి రెండు. గంగన్న సెలవు మీద ఊరెళ్ళాడు, ఎవరో కొత్త డ్రైవర్ వస్తాడన్నారు, అయినా ఏం, మాట తీగలో ఉందిగా అనుకున్నాను. నువ్వు చూసి కూడా రాలేదు. రానివాడివి రానని ముందే చెప్తే ఏం పోయేది?

ఇంక నీ మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు. ఒక్క మంచి మాట రాసి ముగిస్తాను, నీ పని గురించి కాబట్టి నీకు చెందాల్సింది. అదే రోజు సాయంత్రం గిటార్ పెట్టెలో సర్దేముందు ఎప్పటిలా బాబా ఒళ్ళో పెట్టి మందు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన ఎడం చెయ్యి పైకి లేచి ఉంది. రెండేళ్ళలో నేనా చెయ్యి తనంతట తాను లేవగా చూడలేదు. వణుకుతూ కీ పట్టుకుని తిప్పుతున్నారు. బొటనవేలితో మీటి, చెవి చెక్కకి ఆనించి, మళ్ళీ కొంచెం తిప్పారు. తిప్పి నా వంక చూసి నవ్వారు. నేను మందు గ్లాసు పట్టుకుని అక్కడే ఏడ్చాను. ఏ కీ తిప్పారో, ఏం చేశారో ఏమీ చూడలేదు, ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. నువ్వు తీగలు అంత మెత్తగా దించబట్టే ఆ చేతికి అందాయని అనుకుని, అలాగే మురిసిపోతూ పెట్టె మూసి డ్రైవర్‌కి ఇచ్చాను. అప్పటికి నువ్వు మంచివాడివనే అనుకుంటున్నాను కదా.

వీరవేణి

*

మనామా,
11 జనవరి 2025

అక్కా,

ఆరో తీగ శృతిలోనే వచ్చింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నన్ను నేను తిట్టుకోవడానికి చదివాను. నాలుగోసారి ఆఖరి పేరా దగ్గర ఆగిపోయాను. నువ్వు కూడా ఇప్పుడు వెనక్కి వెళ్ళి అది మళ్ళీ చదువుకో. ఆరోజు పొద్దున నువ్వు వదులు చేశావు, సాయంత్రం ఆయన బిగించారు. జీవితమంతా వాయించిన మనిషి ఒళ్ళో ఒక తీగ వేలాడుతుంటే ఎలా ఊరుకుంటారు? పడిపోయిన మనిషైనా లేచి బిగిస్తాడు. అదే చేశారు.

నా వైపు సంగతి చెబుతాను. ఎవరో తెలియని డ్రైవర్ పెట్టె దించి వెళ్ళిపోయాడు. బల్ల మీద పెట్టి కింద తీగ నించి ఒక్కొక్కటే మీటుకుంటూ వచ్చాను. ఆరోది ఆఖరికి ఉంచుకున్నాను. నిండుగా మోగింది. శృతి చూసే మిషన్ పెట్టి మూడుసార్లు చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. నేను చేసి పంపేదానికంటే బాగుంది. మూడు నెలలు ఇంట్లో ఉన్న గిటార్ ఎక్కడో ఒకచోట జారాలి, అయిదు తీగలు కొంచెం కొంచెం జారే ఉన్నాయి. ఆరోది ఒక్కటే నిక్కచ్చిగా ఉంది. నేను గుడ్డివాణ్ణి కాదు అక్కా, ఎవరో చెవి ఉన్న మనిషి చేత్తో దాన్ని శృతి చేశారని తెలిసింది. తెలిసి ఏమనుకున్నానంటే, అక్క ఎవరి చేతో చేయించి మరీ గట్టిగా చెబుతోంది, రానని, ఇంక అడగొద్దని. నీకు ఆ ఇల్లు, ఆ పెద్దాయన ఎక్కువైపోయారని కోపం కూడా వచ్చింది. ఆ సాయంత్రమే వెళ్ళి కఫీల్ దగ్గర రెండేళ్ళకి సంతకం పెట్టేశాను. పెట్టి హిద్ బస్సెక్కి, నాన్న నవారు బిగిస్తున్నట్టు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

నువ్వు వెళ్ళిపోయావని నాకు తెలిసిందే నీ ఉత్తరం చూశాక. ఎయిర్‌పోర్టులో నువ్వు ఒక్కొక్క మొహం చూస్తున్న ఆ సాయంత్రం నేను ఇక్కడ, నాలుగైదు మైళ్ళ దూరంలో, ఎవరిదో గిటార్‌కి మెట్లు రాస్తున్నాను.

ఎవరిని తిట్టాలో తెలియట్లేదు. నేను దించిన తీగలే ఆ చేతికి అందాయి. గంగన్నని అనలేం. ఇంక మిగిలింది బాబా. రెండేళ్ళ తరవాత లేచిన చేతిని ఏమని తిడతాం?

కఫీల్‌ని అడిగి చూశాను. కాగితం వెళ్ళిపోయింది, ఖలాస్ అన్నాడు. 2026 డిసెంబర్ దాకా ఇంతే. సత్యశ్రీకి మావయ్య మాట తప్పలేదని చెప్పకు, తప్పాడనే చెప్పు. స్టేషన్లో అది చూసింది అదే కదా. కానీ ఫోన్ నెంబర్ కింద రాశాను, దాని చేతికివ్వు. తిట్టాలంటే తిట్టమను. మూడోసారి నమ్మమని మాత్రం నేను అడగను. పిన్నికి చెప్పు, పులుసు వాసన ఇక్కడిదాకా వచ్చిందని. నువ్వు డాక్టర్‌కి నడుము చూపించుకో. పిల్ల జడకి ఇచ్చిన అయిదు నిమిషాలే చాలు అనుకో, రోజూ అయిదు నిమిషాలు. ఎక్కువ బిగించకు.

మొన్న గురువారం గంగన్న గిటార్ తెచ్చాడు. ఊరి నించి వచ్చాడు, బక్కచిక్కాడు. "బాబా రోజు అడుగుతున్నడు భాయ్, వేణి మంచిగ చేరిందా అని. నాకేం ఎరుక, ఏమని చెప్పాలె?" అన్నాడు. చేరిందని చెప్పమన్నాను. కొత్తగా వచ్చిన ఆమె కూడా సాయంత్రం ఒళ్ళో పెడుతోందట, కానీ ఆయన చెయ్యి మళ్ళీ లేవలేదట. "ఆ ఒక్కనాడే లేసింది అంట" అన్నాడు గంగన్న.

పని మొత్తం చేశాను. కడ్డీ పావు తిప్పు తిప్పాను, మెట్లు తుడిచాను, స్పాంజి తడిపి పెట్టాను, కొత్త తీగలు వేసి అయిదింటిని శృతి చేశాను. ఆరోది కూడా చేశాను. చేసి, పెట్టె మూసేముందు దాని కీ రెండు చుట్లు వెనక్కి తిప్పాను. లెక్కపెట్టి రెండు. నా బల్ల మీంచి శృతి లేకుండా దిగిన గిటార్ ఇదొక్కటే. ముదీర్ మీటి చూసి, ఇది వదులుగా ఉందేంటని అడిగాడు. అది ఇంటి దగ్గర పెద్దాయన బిగించుకుంటారు అని చెప్పాను.

తమ్ముడు
లోవరాజు